పాత్రకి తెలియదు

రేకు డబ్బాలో ఉండాల్సిన పసుపు చీటీ లేదు. ఈ గదిలో అందరూ ధర్మకాటా అని పిలిచే అతను మూత పక్కన పెట్టి, ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు. పాచికల సంచీ ఉంది. మూడు పాత్ర కాగితాలూ ఉన్నాయి: టీచరు ఆడే దొంగది, మందుల షాపాయన ఆడే మాంత్రికుడిది, బావమరిది ఆడే మరుగుజ్జు కాపలాదారుడిది. ఫలితాల పుస్తకం ఉంది. రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట ఉంది. తెల్లవి, గళ్ళవి, మందుల బిల్లు వెనక రాసినవి, అన్నీ కలిపి ఇరవై మూడు. ఇరవై నాలుగు ఉండాలి. మళ్ళీ లెక్కపెట్టాడు. వేళ్ళకు చెమట పట్టి రెండు చీటీలు ఒకదానికొకటి అతుక్కుంటే ప్రాణం లేచొచ్చింది, విడదీసి చూస్తే రెండూ తెల్లవే. డబ్బా బోర్లించి అడుగున తట్టాడు. ఒక పెన్సిలు ముక్క రాలింది. గోడ గడియారంలో మూడు దాటి నాలుగు నిమిషాలు. సరిగ్గా నాలుగింటికి వాళ్ళు ముగ్గురూ వస్తారు. ఒక గంట ముందొచ్చి, ఆ చీటీ తీసి, ముక్కలు ముక్కలు చేసి, మెట్ల కింద బాత్రూంలో వేసి నీళ్ళు పోసేద్దామనుకున్నాడు. ఎంత సులువైన పని! మెట్లెక్కుతున్నప్పుడు ఈల కూడా వేశాడు. ఈ గది తాళంచెవి ఎప్పుడూ కింద మీటరు పెట్టె మీదే ఉంటుంది, ఆ సంగతి తెలిసినవాళ్ళు తనతో కలిపి నలుగురే. నలుగురిలో తను కాడు. మిగిలింది ముగ్గురు.

పోయిన ఆదివారం ఆట అయ్యాక కట్టకు రబ్బరు బ్యాండు వేసింది తనే, మూత నొక్కింది తనే. అప్పటికి అది ఉత్త కాగితం. గురువారం పదకొండున్నరకి దానికి కోరలొచ్చాయి. ఆఫీసు గుమాస్తా ఫోను. "సార్, ఆ నాలుగంతస్తుల బిల్డింగు ఉంది చూడండి, మూడో ఫ్లోర్లో ఒకావిడ పడిపోయిందంట సార్. తలుపు లాగింది, తెరుచుకుంది, లోపల లిఫ్టు లేదంట. కర్టెన్లు కుట్టే ఆవిడంట. కిటికీల కొలతలు తీసుకుని వెళ్ళిపోతోందంట. టేపు ఇంకా చేతిలోనే ఉందంట సార్." గుమాస్తా నోట్లో అన్నీ అంటలే, ఎవరో చెబితే ఎవరో విన్నట్టు, ఎక్కడో జరిగినట్టు. అప్పుడు తన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మన సర్టిఫికెట్ తేదీ ఎంత?" బతికిందా అని అడగలేదు. ఆ ప్రశ్న రెండోది కూడా కాదు. రెండోది, "కాపీ ఎవరి దగ్గరుంది?" మూడోది అడగకముందే గుమాస్తా, "ప్రాణం లేదంట సార్," అన్నాడు, అడగనందుకు తనే సిగ్గుపడినట్టు గొంతు తగ్గించి.

లిఫ్టు వచ్చి ఎదురుగా నిలబడితే తప్ప బయటి తలుపు తెరుచుకోకూడదు. ఆ ఒక్క నియమం మీద ఎత్తైన ఇళ్ళన్నీ నడుస్తున్నాయి. తలుపు వెనక అరచెయ్యంత లాకు, దానికో కొక్కెం. కొక్కెం అరిగితే చిన్నపిల్ల లాగినా తలుపు వచ్చేస్తుంది, వెనక చీకటి, నూనె వాసన, వేలాడే తాళ్ళు. మనిషి అడుగు వేసేటప్పుడు కిందికి చూడడు. తలుపు తెరుచుకుందంటే నేల ఉన్నట్టే. పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగంలో తను కాపలా కాసింది ఆ చిన్న నమ్మకానికే. ఎన్ని తలుపుల ముందు నిలబడి రెండు చేతులా లాగి చూశాడో, లాగి లాగి కుడి భుజం ఎడమదాని కంటే కిందికి జారిందని ఇంట్లో భార్య నవ్వేది. ఆ భుజం మీద చెయ్యేసే ఈ పొద్దున అడిగింది. "వాడు పని దొంగ కాదండీ. వాడి సంగతి నాకు తెలుసు. మీరు చూసినప్పుడు ఆ తలుపు బాగానే ఉందా?" వాడంటే తమ్ముడు, తన బావమరిది, ఆ బిల్డింగు లిఫ్టు మెకానిక్కు. శుక్రవారం స్టేషనుకి తీసుకెళ్ళారు, సాయంత్రానికి వదిలారు, సోమవారం మళ్ళీ రమ్మన్నారు. తన కాగితం వాడి మెడకు చుట్టుకుంది. పద్దెనిమిదో తేదీన అన్ని తలుపులూ స్వయంగా పరిశీలించాను, సక్రమంగా ఉన్నాయి అని అధికారి సంతకం ఉంది, కాబట్టి పాడయింది ఆ తరువాతే, ఆ తరువాత ఆ తలుపు మీద చెయ్యేసింది మెకానిక్కే. గీత గీసినట్టుంది లెక్క. "బాగానే ఉంది," అన్నాడు భార్యతో, టిఫిను పళ్ళెం లోకి చూస్తూ. "అయితే వాడే..." అని ఆగిపోయింది ఆవిడ. చెయ్యి భుజం మీద నుంచి తీసింది. ఒక మనిషి తన తమ్ముడి మీద నమ్మకం వదులుకోవడం ఎలా ఉంటుందో ధర్మకాటా దగ్గరి నుంచి చూశాడు. ఏడవలేదు. పళ్ళెం తీసుకెళ్ళి కడిగింది, అప్పటికే కడిగిన గ్లాసులు మళ్ళీ కడిగింది.

మందుల షాపు పైనున్న ఈ గదిలో అట్టపెట్టెల వాసన. ఆరేళ్ళుగా ఆదివారాల వాసన అదే. బల్ల నిజానికి బల్ల కాదు, ఎక్కడో ఇల్లు పడగొడితే మందుల షాపాయన తెచ్చి రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టిన పాత తలుపు. తాళం ఊడదీసిన చోట బొటనవేలంత రంధ్రం అలాగే ఉంది. పాచిక దొర్లి అందులో పడితే వేసిన పందెం చెల్లదు, మళ్ళీ వెయ్యాలి, ఆ రంధ్రాన్ని టీచరు "సుప్రీంకోర్టు" అంటుంది. ఆట తెలియనివాళ్ళకు ఇదంతా పిల్లల వ్యవహారం. నడివయసు మనుషులు నలుగురు కూర్చుని, ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్ళు అందులో దొంగలై, మాంత్రికులై, "నేను ఆ గుహలోకి వెళ్తాను" అనడం, ఇరవై ముఖాల పాచిక వెయ్యడం, పడిన అంకెని బట్టి వెళ్ళగలగడం, వెళ్ళలేకపోవడం. కానీ ఇంకెవరూ ఆడని తీరు ఒకటి ఇక్కడ ఉంది. పాత్రలు చేసిన పనుల వల్ల ఎవరికి ఏమైందో కథ నడిపేవాడు అప్పటికప్పుడు చెప్పడు. వారమంతా ఆలోచించి పుస్తకంలో రాసుకొచ్చి, వచ్చే ఆదివారం మొదట అది చదువుతాడు. అది విన్నాకే ఆట. పాత్రలు రహస్యంగా ఏమైనా చెయ్యాలనుకుంటే చీటీ రాసి డబ్బాలో వెయ్యాలి. ప్రతి చీటీకీ ఒక ఫలితం. చదివిన చీటీ మూల మీద ఎర్ర టిక్కు. ఆరేళ్ళలో ఒక్క చీటీ తప్పలేదు.

మాంత్రికుడు దోపిడీగాళ్ళని ఆపడానికి ధాన్యం కొట్టు తగలబెట్టాడు ఒకసారి. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాతి ఆదివారం ధర్మకాటా ఆ ఊరి చలికాలం చదివాడు. ఒక కుమ్మరి, అతని ఇద్దరు కూతుళ్ళు, చిన్నదానికి నత్తి, ఆకలిగా ఉందని చెప్పడానికి కూడా దానికి చాలాసేపు పట్టేది. మందుల షాపాయన రెండు రోజులాగి ఫోను చేసి, "ఆ నత్తి సంగతి రాయకుండా ఉండాల్సిందయ్యా," అన్నాడు. ఆ రోజే టీచరు పేరు పెట్టింది. "లారీలని తూస్తారు చూడండి, ధర్మకాటా అని, ఆ మిషను మీరు. చీమెక్కినా అంకె మారిపోద్ది." నవ్వాడు గానీ లోపల పొంగిపోయాడు. ఆఫీసులో ఎవరూ పెట్టని పేరు, ఇంట్లో ఎవరూ ఇవ్వని గౌరవం. అప్పటి నుంచి లేని మనుషుల చావులు రాయడంలో ఆరితేరాడు. ఒక్కొక్కరికీ వృత్తి ఇచ్చాడు, చుట్టాలనిచ్చాడు, చెప్పకుండా మిగిలిపోయిన ఒక మాట ఇచ్చాడు. నిన్నటి పేపరు మాత్రం మడత విప్పలేదు. రెండో పేజీలో ఆ పడిపోయినావిడ ఫోటో ఉందని తెలిసి మంచం పరుపు కింద పెట్టాడు.

మూడుంబావు. కింద ఎవరో షట్టరు దగ్గర ఆగారు, సైకిలు గంట, వెళ్ళిపోయారు. టీచరు తీసిందా? ఆవిడ కన్ను చురుకు, జవాబు పత్రాల్లో కాపీ పట్టే కన్ను. మందుల షాపాయనకు ఆ తెలివి లేదు, అతను తీసి ఉంటే ఈపాటికి ఫోను చేసి ఏడ్చేవాడు. ఎవరు తీస్తేనేం, ఏం చేస్తారు? అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలో గురువారం నుంచి తయారుగానే ఉంది, పళ్ళు తోముకుంటూ, బస్సు ఎక్కుతూ, భార్య పక్కన పడుకుని కళ్ళు మూసుకుని, వందసార్లు అనుకున్న మాట. ఆట చీటీ అనుకున్నాను. అంతే. కథలో ఆ నెల ఒక కోట బురుజు ఉంది, మూడంతస్తులది, గొలుసుల మీద బుట్ట ఎక్కీ దిగేది. మరుగుజ్జు కాపలాదారుడు రాసినట్టే ఉంది ఆ చీటీ. "మూడో అంతస్తు తలుపు కొక్కెం అరిగిపోయింది. మార్చేదాకా ఎవర్నీ ఎక్కనివ్వద్దు. మీరొచ్చి ఆపితేనే ఆగుద్ది." ఆట డబ్బాలో, ఆట చీటీల మధ్య దొరికిన చీటీ. ఎవరైనా ఏమనుకుంటారు? ఆటే అనుకుంటారు. తనూ అదే అనుకున్నాడు. అనుకున్నాడు కదా. అనుకున్నాడు.

ఆ పిచ్చివాడు అసలు అక్కడెందుకు వేశాడు? ఎందుకేశాడో తనకు తెలుసు. మొదటి ఏడాదే చెప్పాడు వాడికి, ఇల్లు వేరు, ఆఫీసు వేరు, నీ కంపెనీ లిఫ్టుల సంగతి నా దగ్గర ఎత్తకు, బావమరిది కోసం సంతకాలు పెడుతున్నాడంటారు. వాడు తు.చ. తప్పకుండా పాటించాడు. బిల్డింగుల దగ్గర ఎదురైతే "సార్" అనేవాడు, ఇంట్లో "బావా", ఈ గదిలో ఏమనాలో తెలియక "సార్ బావా" అని ఒకసారి అంటే టీచరు పొట్ట పట్టుకుని నవ్వింది. నోట్లో నాలుక లేని మనిషి, మరుగుజ్జు పాత్రలోకి వెళ్తే మాత్రం బల్ల గుద్ది మాట్లాడతాడు. కంపెనీ వాడు కొక్కెం అరిగిందని రిపోర్టు రాయొద్దన్నాడట, బిల్డింగు వాళ్ళు లిఫ్టు ఆపనివ్వం అన్నారట, ఆపే అధికారం ఉన్నది ఒక్కడికి, ఆ ఒక్కడు బావ, ఆ బావ ముందు నోరు లేవదు. ఇక మిగిలిన దారి ఈ రేకు డబ్బా. ఇందులో వేసిన ప్రతి చీటీనీ బావ చదువుతాడు. ప్రతి చీటీకీ ఫలితం రాస్తాడు. ప్రపంచంలో వాడికి తెలిసిన అన్నిటికంటే నమ్మకమైన ఆఫీసు ఇదే.

చీటీ కంపెనీ ప్యాడు లోంచి చింపింది. పసుపు. గ్రీజు వేలిముద్ర ఒకటి అంచున. ఆట చీటీలు ఎప్పుడూ పెన్సిలుతో రాస్తాడు వాడు, ఇది పెన్నుతో. కింద బిల్డింగు నంబరు. అబ్బే, నంబరు గమనించలేదు. గమనించి ఉండొచ్చు. కోటలకి నంబర్లుండవు.

ఫలితాల పుస్తకం తెరిచాడు. పదిహేనో తేదీ ఆదివారం పేజీ. తన అక్షరాలు, కుదురుగా, కొట్టివేతలు లేకుండా. ఆ వారం ఎనిమిది చీటీలు, ఏడు ఫలితాలు. మళ్ళీ చదివాడు. దొంగ చీటీలకు మూడు, మాంత్రికుడి వాటికి రెండు, మరుగుజ్జువి రెండు. ఏడు. ఆట చీటీ అనుకుంటే ఫలితం ఏది? ఆరేళ్ళలో ఒక్క చీటీ తప్పని మనిషి, ఎర్ర టిక్కు కూడా పెట్టిన మనిషి, ఈ ఒక్క దానికి ఎందుకు రాయలేదు? టీచరు ఒక్క నిమిషంలో పట్టేస్తుంది, వేలు పెట్టి చూపిస్తుంది. గురువారం నుంచి వందసార్లు అనుకున్నాడు గానీ ఈ పేజీ గుర్తు రాలేదు. గడియారం చూశాడు, మూడున్నర. పేజీ అడుగున నాలుగు గీతలు ఖాళీ ఉన్నాయి. అదే పెన్ను జేబులో ఉంది.

రాయొచ్చు. ఇప్పుడే. మూడు వారాల కిందట రాసినట్టు. పెన్ను మూత తీశాడు. "కాపలాదారుడు మూడో అంతస్తు తలుపు గురించి హెచ్చరించాడు," అని రాశాడు. అలవాటైన చెయ్యి. "ఆ హెచ్చరిక కోట అధికారికి చేరింది." తరువాత? ఫలితం కదా, అధికారి ఏం చేశాడో రాయాలి, దాని వల్ల ఎవరికి ఏమైందో రాయాలి. వృత్తి ఇవ్వాలి. చుట్టాలనివ్వాలి. కోటలో ఎవరు ఎక్కుతారు మూడో అంతస్తుకి? సైనికుడు. వంటమనిషి. "ఒక రోజు" అని రాశాడు, ఆగాడు, పెన్ను తనంతట తనే కదిలినట్టు, "తెరలు కుట్టే ఒకావిడ" అని పడింది కాగితం మీద. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. కొట్టెయ్యడానికి లేదు, ఈ పుస్తకంలో కొట్టివేతల్లేవు, ఒక్కటుంటే అదే కనపడుతుంది. ఆవిడకి ఇంకేం రాయాలి? వచ్చిన పని అయిపోయింది, కొలతలు నోట్లో అనుకుంటూ ఉండి ఉంటుంది, మర్చిపోకుండా, నలభై రెండు బై అరవై, నలభై రెండు బై అరవై, ఎడం చేత్తో టేపు, కుడి చేత్తో తలుపు. ఇంట్లో ఎవరున్నారు? కుట్టు మిషను మీద సగం కుట్టిన గుడ్డ ఎవరిది? తెలియదు. కుమ్మరి చిన్నకూతురి నత్తి తెలుసు. నాలుగేళ్ళ కిందట ఆటలో మునిగిన పడవలో గుడ్డి సంగీతగాడు ఏ పాట సగంలో ఆపాడో తెలుసు. ఈవిడ గురించి టేపు తప్ప ఏమీ తెలియదు.

ఆ పద్దెనిమిదో తేదీ, బుధవారం, ఎంత ఎండగా ఉందో. బ్యాగులో సర్టిఫికెట్లు ఆరు, అయిదు బిల్డింగులు చూశాడు, నిజంగా చూశాడు, ప్రతి తలుపూ లాగాడు. ఆరోది ఊరికి ఆ చివర. టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఊపిరి తీసుకుందామని పుస్తకం తీశాడు. ఆ వారం రాయాల్సింది మరుగుజ్జు సంగతే. గొలుసు వంతెన దగ్గర కాపలా ఉండి, గొలుసు చూడకుండానే చూశానని చెప్పాడు పోయిన ఆటలో, బావమరిది నవ్వుతూ చెప్పాడు, పాచిక కూడా బాగానే పడింది. వదలకూడదనుకున్నాడు ధర్మకాటా. వంతెన తెంచాడు. ముగ్గుర్ని చంపాడు. గొర్రెల కాపరి, మంత్రసాని, పెళ్ళికి బట్టలు తెస్తున్న పెద్దాయన. రాస్తుంటే ఎంత బాగా వచ్చిందో! ఎండ మరిచిపోయాడు, టీ చల్లారింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి ఆ మంత్రసాని దగ్గర. చూడకుండా చూశానన్న ఒక్క మాట ముగ్గురి ప్రాణం తీసింది అని ముగించి, తలెత్తి చూస్తే సాయంత్రం అయిదు. ఆరో బిల్డింగుకి టైము లేదు. అదే పెన్నుతో, సిరా ఆరకముందే, ఆరో సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. ఆ ఆదివారం వంతెన తీర్పు చదివితే బావమరిది మొహం మాడిపోయింది. "పాత్రకి గొలుసు తెగిపోద్దని తెలియదు కదా బావా," అన్నాడు. ఆ మాట ఈ గదిలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు అన్నదే, పాత్రకి తెలియదు. దానికి ధర్మకాటా పెట్టిన నియమం ఒకటుంది. ఆ మాట అన్న మనిషికి ఎడమ పక్క కూర్చున్నవాళ్ళు ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. పాత్రకి తెలియదు, సరే, నీకు? నిజం చెప్పాలి. నిజం చెప్పాక ఇక వాదన లేదు. ఆ రోజు వాడికి ఎడమ పక్క కూర్చుంది తనే. "నీకు?" అన్నాడు, మెల్లగా, ఎంతో న్యాయంగా. వాడు తల దించుకుని, "తెలుసు బావా," అన్నాడు. ఆ తరువాత ఆట అంతా వాడు తన వంకే చూశాడు, ఇంకేదో అడుగుతారేమో, ఇంకేదో చెబుతారేమో అన్నట్టు. పసుపు చీటీ వేసి అప్పటికి వారం.

కిటికీకి కర్టెను ఉంది. ఆరేళ్ళుగా ఉంది, ఇవాళే చూస్తున్నాడు. నీలం రంగు, వెలిసిపోయింది, అడుగున మడిచి కుట్టిన అంచు. కుట్టు తిన్నగా ఉంది, ఒక చోట దారం అయిపోయి మళ్ళీ మొదలుపెట్టిన ముడి. ఎవరు కుట్టారో, ఊళ్ళో ఎంతమంది లేరు కుట్టేవాళ్ళు. కళ్ళు తిప్పుకోవాలనుకున్నాడు. ఆ ముడి దగ్గరే ఆగిపోయాయి. ఊళ్ళో ప్రతి కిటికీకీ ఒకటి ఉంటుంది, ఇంటికెళ్తే ఇంట్లో, ఆఫీసుకెళ్తే ఆఫీసులో, ఇక చావుదాకా ఎక్కడ కూర్చున్నా ఎదురుగా ఎవరో కొలిచి కుట్టింది ఒకటి వేలాడుతూనే ఉంటుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. పుస్తకం టక్కున మూశాడు, తడి సిరా అవతలి పేజీకి అంటుకుని ఉంటుందని మూశాక తట్టింది. ముందు టీచరు, వెనక రొప్పుతూ మందుల షాపాయన, ఇద్దరి మొహాల్లోనూ ఆదివారం లేదు. చివర బావమరిది. రెండు రోజుల గడ్డం, ఉతికిన చొక్కా. ఇంటికి వెళ్ళాడేమో, అక్క ఇచ్చిన చొక్కా ఏమో, అది ధర్మకాటాదే, భుజాలు వదులు. ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. టీచరు ధర్మకాటాకి ఎడమ పక్క. ఆరేళ్ళుగా ఆవిడ చోటు అదే.

"ఇవాళ ఆట ఎందుకులెండి," అన్నాడు మందుల షాపాయన. "వాడి కోసం వచ్చాం. రేపు స్టేషనుకి నేనూ వెళ్తాను."

బావమరిది జేబులోంచి మడిచిన పసుపు చీటీ తీసి, తాళం రంధ్రం పక్కన పెట్టాడు. రంధ్రంలో పడకుండా వేలితో ఇవతలికి జరిపాడు.

"నేనే తీశాను బావా. శుక్రవారం వదిలాక నేరుగా ఇక్కడికే వచ్చాను. మీరు చదివారా లేదా అని చూద్దామని. టిక్కుంది." చీటీ మూల వేలితో చూపించాడు. "పోలీసోళ్ళకి చూపిస్తే నేను బయటపడతాను, నాకు తెలుసు. కానీ అక్క ఉంది. మీ ఉద్యోగం పోతే, కేసయితే, అక్క తట్టుకోలేదు. అందుకని దీన్ని చింపేద్దామనే తెచ్చాను. రేపు నేనే ఒప్పేసుకుంటాను, కొక్కెం సరిగ్గా బిగించలేదని. నాకు ఒక్కటే కావాలి బావా. మీరు దీన్ని ఆట చీటీ అనుకున్నారు కదా? పొరపాటే కదా? అలా అనండి చాలు. అది వింటే నేను రేపు నిలబడగలను."

టీచరు చీటీ అందుకుని చదివి, బోర్లించి చూసి, గ్రీజు మరక మీద వేలు ఆనించి, ఉన్నచోట పెట్టేసింది.

తలుపు తెరిచే ఉంది. వాడే తెరిచి పట్టుకున్నాడు. ఒక్క అడుగు వేస్తే చాలు. ధర్మకాటా గొంతులో వందసార్లు అనుకున్న మాట దానంతట అదే కదిలింది.

"కాపలాదారుడు రాశాడనుకున్నాను," అన్నాడు. "కోట అధికారికి అది..." ఆగాడు. "ఆ పాత్రకి తెలియదు."

వాడి మొహం విచ్చుకోబోయింది. అప్పుడు టీచరు అడిగింది. కోపంగా కాదు, ఆరేళ్ళుగా ఈ బల్ల దగ్గర అడిగినట్టే.

"మీకు?"

గడియారం నాలుగు కొట్టడం ఎవరూ వినలేదు. ధర్మకాటా పుస్తకం తెరిచి, అంటుకున్న పేజీలు విడదీసి, ముగ్గురికీ కనపడేలా తిప్పి పెట్టాడు. తరువాత చెప్పాడు, తీర్పులు చదివే గొంతుతో కాదు, ఎవరూ ఎప్పుడూ వినని ఇంకో గొంతుతో.

"నాకు తెలుసు. చీటీ విప్పగానే తెలుసు. పసుపు కాగితం, పెన్నుతో రాశావు, కింద బిల్డింగు నంబరు ఉంది. మొదటి లైను చదువుతుండగానే తెలుసురా. అందుకే ఫలితం రాయలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తూ కూర్చున్నాను, మీరొచ్చేలోపు. టిక్కు మాత్రం అలవాటు కొద్దీ పడిపోయింది. బుధవారం వెళ్దామనే బయల్దేరాను. టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. నీ వంతెన రాస్తున్నాను. బాగా వస్తోంది. లేవబుద్ధి కాలేదు. అంతే, ఇంకో కారణం లేదు. ఎవరూ ఆపలేదు నన్ను. ఎవరూ బెదిరించలేదు. లేవబుద్ధి కాలేదు. వెళ్ళకుండానే సంతకం పెట్టాను. తరవాత ఆదివారం ఈ చీటీ తెచ్చి మళ్ళీ కట్టలో పెట్టాను. ఎందుకో తెలుసా? ఏదైనా జరిగితే ఆట అనుకున్నానని చెప్పడానికి. ఏమీ జరగకముందే పెట్టుకున్నాను. అంటే జరగొచ్చని కూడా తెలుసు. ఇవాళ గంట ముందొచ్చింది దాన్ని చింపడానికి. పొద్దున మీ అక్క అడిగితే బాగానే ఉందన్నాను. నువ్వేనేమో అనుకుంది, అనుకోనిచ్చాను. రేపు నువ్వు ఒప్పుకుని ఉంటే ఒప్పుకోనిచ్చేవాణ్ణి. చీటీ చింపకు. స్టేషనుకి నేను పట్టుకెళ్తాను. దాంతో ఏదీ సరికాదు, నాకు తెలుసు. అన్నీ తెలిసే చేశాను. ఆ పడిపోయినావిడ ఉందే... ఆవిడ పేరు. పేపర్లో వేశారు, నేను చూడలేదు. ఆవిడ పేరు నాకు తెలియదు. అదొక్కటే, నిజంగా తెలియదు."